పెంకుల మీద పరాక్రమం

సైనిక విన్యాసాలు ఎక్కడ జరిగినా ఒక అంకం తప్పనిసరి అయిపోయింది. జవాన్లు వరసగా నిలబడి ఒక్క పెట్టున కేక వేస్తారు. నిప్పంటించిన పెంకులను తలతోనో మోచేత్తోనో పగలగొడతారు. ఒకరి రొమ్ము మీద బండ పెట్టి ఇంకొకరు సమ్మెటతో బాదుతారు. చప్పట్లు మోగుతాయి, వీడియో ఫోన్లకెక్కుతుంది, చైనాకు ఇక చుక్కలేనన్న వ్యాఖ్యలు కింద బారులు తీరతాయి. చూసి మురిసిపోయే జనాన్ని తప్పుపట్టనక్కర్లేదు. తర్ఫీదు ఇవ్వాల్సినవాళ్ళు కూడా దీన్నే తర్ఫీదు అనుకుంటేనే ప్రమాదం. ఆ ప్రమాదం ముంగిట్లోకి వచ్చిందన్నదే ఈ పత్రిక ఆందోళన.

పెంకుల కిటుకు ఏమంత రహస్యం కాదు. దొంతరలో ప్రతి రెండు పెంకుల నడుమా చిన్న చెక్కముక్కలు పెట్టి సందు వదులుతారు. పైది విరిగి కిందిదాని మీద పడుతుంది, అది దాని కిందిదాని మీద. పదింటినీ ఒక్కసారే విరిచేంత బలం ఎవరికీ అవసరం రాదు. పెంకు బాగా ఆరి ఉండాలి, రెండు చివర్లే ఆనాలి, దెబ్బ సరిగ్గా నడిమధ్యన పడాలి. రొమ్ము మీది బండయితే ఎంత బరువుంటే కింద పడుకున్నవాడికి అంత క్షేమం. సమ్మెట వేగాన్ని ఆ బరువే మింగేస్తుంది. ధైర్యం కావాలి, కాదనం. కానీ పెంకు పక్కకు తప్పుకోదు, చొక్కా పట్టి గుంజదు, మేకులు దిగ్గొట్టిన రాడ్డుతో మీదికి రాదు.

అలాంటి రాడ్లతో వచ్చినవాళ్ళను మన జవాన్లు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఎదుర్కొన్నారు. 20 మందిని పోగొట్టుకున్నాం. ఆ రాత్రి ముందుండి నడిపి నేలకొరిగిన బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ దళాధిపతి కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడు. భారత్, చైనాల 1996 ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపల ఏ పక్షమూ కాల్పులు జరపకూడదు. తగవు ముదిరితే అక్కడ మిగిలేది బాహాబాహీయే. 2017 ఆగస్టులో పాంగాంగ్ ఒడ్డున, 2020 మేలో అక్కడా సిక్కింలోని ‘నాకు లా’ కనుమ దగ్గరా, 2022 డిసెంబరు 9న తవాంగ్ సెక్టార్‌లోని యాంగ్‌త్సేలో జరిగింది అదే. 2024 అక్టోబరులో చైనాతో కుదిరిన అవగాహన తర్వాత లద్దాఖ్‌లోని దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీ మళ్ళీ మొదలైంది. గస్తీ ఉన్నన్నాళ్ళూ ఎదురుపడే అవకాశమూ ఉంటుంది.

ఆ నేల మీద దెబ్బలాట ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. 14 వేల అడుగుల ఎత్తున సముద్రమట్టంతో పోలిస్తే అందే ఆక్సిజన్ సుమారు 60 శాతం. ఒంటి మీద పొరలు పొరలుగా ఉన్ని, పైన బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు, తలకు హెల్మెట్, చేతులకు మందపాటి గ్లవ్స్, కాళ్ళకు మంచు బూట్లు, కింద జారే రాళ్ళు. ఈ సరంజామాతో ఎదుటివాడి తలకు గురిపెట్టి కాలు లేపినవాణ్ణి ఎవరూ తాకనక్కర్లేదు, రాళ్ళే పడేస్తాయి. గుద్దుదామంటే గ్లవ్‌లో పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. గ్లవ్ తీసి గుద్దితే దెబ్బ హెల్మెట్‌కో నుదుటికో తగిలి చిటికెనవేలి మొదట్లో ఉండే అరచేతి ఎముక విరుగుతుంది. ఎముకల డాక్టర్లు బాక్సర్స్ ఫ్రాక్చర్ అనేది దీన్నే. ఆ చేత్తో తర్వాత తుపాకీ పట్టుకోవడమూ కష్టమే. పొట్టలో గుద్దితే తగిలేది జాకెట్టులోని ప్లేటు. కాసేపు గట్టిగా చేతులు విసిరేసరికి ఊపిరి అందదు.

పనికొచ్చేది వేరే ఉంది. రాడ్డు వేగమంతా దాని కొసన ఉంటుంది, పిడి దగ్గర ఉండదు. అందుకే వెనక్కి గెంతినవాడికి తల పగులుతుంది, లోపలికి చొరబడినవాడు బతికిపోతాడు. రాడ్డు వెనక్కి లేచినప్పుడో, గురి తప్పి కిందికి దిగినప్పుడో ముందుకు దూసుకుపోవాలి. గడ్డం దించుకుని, నుదురు ఎదుటివాడి రొమ్ముకు ఆనించి, రాడ్డున్న చేతిని మోచేతికి పైన చంకలో బిగించాలి. మణికట్టు పట్టుకుంటే గ్లవ్ జారిపోతుంది. రెండో చేత్తో నడుం చుట్టి, కాలు బయటికి వేసి, వాలు వైపు తిప్పేయాలి. ఆ లోపు పక్క జవాను రాడ్డు లాగేయాలి. మోకాటి పోటు, మోచేతి దెబ్బ, పాదాన్ని బూటు మడమతో తొక్కడం, హెల్మెట్‌తో ఢీకొట్టడం, ఇవన్నీ పట్టు చిక్కాక చేసే పనులు. చిక్కకముందు విసిరిన దెబ్బల్లో చాలావరకు గాలికే పోతాయి.

ఇదేదో కుస్తీ అభిమానుల వాదన అనుకునేవాళ్ళు అమెరికా సైన్యం అనుభవం చూడాలి. 2004 నుంచి 2008 దాకా యుద్ధం నుంచి తిరిగొచ్చిన 1,200 మందికి పైగా సైనికులను అడిగితే, ఒట్టి చేతులతో తలపడాల్సి వచ్చిందని దాదాపు ఐదుగురిలో ఒకరు చెప్పారు. వాళ్ళు వాడినవాటిలో నూటికి 72 పైచిలుకు పట్లే. తుపాకీ మడమలాంటి ఆయుధంతో పొడవడం 22 శాతానికి కాస్త తక్కువ. గుద్దులూ తన్నులూ కలిపి 5.5 శాతం. ఖైదీని అదుపు చేయడం, గది సోదా లాంటి సందర్భాలు అందులో ఉన్నాయి కాబట్టి ఆ అంకెలను యథాతథంగా లద్దాఖ్‌కు అతికించలేం. అయినా మన విన్యాసాల్లో ఈ నిష్పత్తి పూర్తిగా తలకిందులై కనిపించడానికి కారణం ఒక్కటే. గుద్దు దూరం నుంచి కనిపిస్తుంది, పట్టు కనిపించదు. వేదిక మీద కూర్చున్న అతిథికి చంకలో బిగిసిన చెయ్యి కంటికి ఆనదు, ఎగిరిపడే పెంకుముక్కలు ఆనతాయి.

ఇక అసలు సంగతి. దెబ్బను పూర్తి బలంతో తోటి జవాను మీద రోజూ సాధన చేయడం కుదరదు, మెదడు దెబ్బతింటుంది. అందుకే కొట్టుడు విద్య గాలిలోకో సంచీ మీదికో పెంకు మీదికో పోతుంది, కొన్నాళ్ళకు కవాతుగా మారుతుంది. పట్టు అలా కాదు. ఎదుటివాడు పూర్తి బలంతో ప్రతిఘటిస్తుండగానే సాధన చేయొచ్చు. చిక్కినవాడు ఓటమి ఒప్పుకుని చేత్తో రెండుసార్లు తట్టగానే వదిలేస్తారు, మర్నాడు మళ్ళీ దిగుతారు. జపాన్‌లో జిగోరో కానో 1882లో జూడోను నిలబెట్టింది ఈ సూత్రం మీదే. 1995లో అమెరికా రెండో రేంజర్ బెటాలియన్ అధిపతి స్టాన్లీ మెక్‌క్రిస్టల్ తన దళంలో చేతి పోరాటాన్ని బాగుచేయమన్నప్పుడు మాట్ లార్సెన్ బృందం చివరికి బ్రెజిల్ గ్రేసీ కుటుంబం నేర్పే పట్ల విద్య జియుజిత్సు వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం. అక్కడి తొలి స్థాయి కోర్సు 40 గంటలు. అందులో ఒక పరీక్ష ఉంది. బాక్సింగ్ గ్లవ్స్ వేసుకున్న శిక్షకుడు నిజంగానే మొహం మీద గుద్దుతుంటే ఆ దెబ్బలు కాచుకుంటూ, కొన్ని తింటూ, లోపలికి వెళ్ళి పట్టు పట్టాలి. గుద్దూ పట్టూ రెండూ అక్కడే నేర్పుతారు, నటన మాత్రం ఉండదు.

దెబ్బ నేర్పడం తేలిక, పట్టుకు నెలలు కావాలి, పైగా నలుగురు చుట్టుముడితే కుస్తీ ఆత్మహత్యే అనేవాళ్ళూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలకు షాంఘై పోలీసు అధికారి ఫెయిర్‌బైర్న్ అరచేతి మడమతో గడ్డం కింద కొట్టడం, చేతి అంచుతో మెడ మీద కొట్టడం నేర్పింది కొద్ది రోజుల గడువు ఉన్నందువల్లే. శత్రువును నిశ్శబ్దంగా చంపి రావాల్సిన కమాండోకు ఆ పాఠం సరే. కాల్పులు నిషిద్ధమైన గట్టు మీద గంటల తరబడి తోపులాటలో నిలవాల్సిన జవానుకు అదొక్కటే చాలదు.

పట్టు విద్యకూ ఇదే ప్రదర్శన జబ్బు పట్టొచ్చు, ఆ మాటా చెప్పాలి. మెత్తటి చాప మీద, పలచటి దుస్తుల్లో, ఒక్కడితో ఒక్కడు నేల మీద దొర్లడమే పాఠమైతే అది పతకాల కోసమే. ప్లేటు జాకెట్టుతో వెల్లకిలా పడ్డవాడు తిరగేసిన తాబేలే. అందుకే మొదట నేర్పాల్సింది పడటం, పడ్డాక లేవడం. ఒక చెయ్యి వెనక నేలకు ఆనించి, దానికి ఎదురు వైపు పాదం గట్టిగా ఊని, పిరుదులు ఎత్తి, రెండో కాలిని కిందినుంచి వెనక్కి లాక్కుని, మిగిలిన చేత్తో మొహం కాచుకుంటూ నిలబడాలి. హెల్మెట్, ప్లేటు, బూట్లతో సహా దీన్ని 50 సార్లు చేయించి చూడండి, ఎవరికి తర్ఫీదు ఉందో ఎవరికి లేదో పదోసారికే తెలుస్తుంది. ఆ తర్వాత ఒకరి మీద ఇద్దరు, వాలు నేల మీద ముగ్గురికి ముగ్గురు. చెడుగుడు ఆడిన మన పల్లె కుర్రాళ్ళకు ఈ గుంపు పట్టు కొత్తేమీ కాదు. ఒకడు చీలమండ దొరకబుచ్చుకుంటే ఇద్దరు నడుం మీద పడటం వాళ్ళకు చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిందే.

గల్వాన్ తర్వాత ఏమీ జరగలేదని అనడం లేదు. సైన్యం 'అమర్' పేరుతో ఆర్మీ మార్షల్ ఆర్ట్స్ రొటీన్‌ను తెచ్చింది. పంచ్‌కుల దగ్గర భాను కేంద్రంలో చైనా సరిహద్దు కాసే ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం (ఐటీబీపీ) జూడో, కరాటే, ఇజ్రాయెల్ పోరాట విద్య క్రావ్ మగాల నుంచి ఏరిన మెళకువలు నేర్పుతోంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ సైనిక విన్యాసాల నుంచి బయటికొచ్చే వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఏమిటి? మళ్ళీ వరస, మళ్ళీ కేక, మళ్ళీ పెంకులు. పుణేలో సైన్యానికే ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దేశంలోని మేటి మల్లయోధులూ బాక్సర్లూ కొందరు అక్కడే తయారవుతున్నారు. అంతటి విద్య ఇంట్లోనే ఉన్నా అది ఒలింపిక్స్ దారిలో పోతోంది, గస్తీకి వెళ్ళే జవాను వంతుకు పెంకులు వస్తున్నాయి. అవతలి పక్షం ఏం చేసింది? గల్వాన్ ఘర్షణ జరిగిన రోజునే టిబెట్ రాజధాని లాసాలో కొత్త మిలీషియా (సైన్యానికి తోడుండే పౌర దళం) దళాల తనిఖీ జరిగిందనీ, అందులో ఒక మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ క్లబ్బు వాళ్ళు ఉన్నారనీ చైనా సైనిక పత్రికే రాసుకుంది. గుద్దు తింటూనే పట్టు పట్టడం ఆ క్లబ్బుల్లో దినచర్య.

2022లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు శిక్షణ 10 వారాల నుంచి 6 నెలలన్నారు. వ్యవధి తగ్గినప్పుడు మొదట వేటు పడేది ఎవరికీ కనిపించని పాఠం మీదే, వేదికకెక్కే పాఠం మీద పడదు. నిజానికి కావాల్సిందేమీ కొండంత లేదు. వారానికి 2 గంటల చొప్పున 20 వారాలైతే 40 గంటలు, అది ఆరు నెలల్లోనే ఇమిడిపోతుంది. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున జూడో చాపలు పరిస్తే డజను జతలు ఒకేసారి దిగొచ్చు. చాపలకు నిధుల్లేవంటే హైదరాబాద్ పాతబస్తీ తాలింఖానాల్లో ఎప్పటినుంచో చేస్తున్నట్టు ఎర్రమట్టి జల్లించి గోదా వేసుకోవచ్చు. వేలి బెణుకులు, మోకాలి నొప్పులు, తామర తప్పవు. ఇద్దరి బరువుల మధ్య పెద్ద తేడా లేకుండా జతకట్టడం, తట్టగానే వదలని వాణ్ణి ఆ రోజుకు బయట కూర్చోబెట్టడం, చాపను రోజూ కడగడం శిక్షకుడి పని. ఆ శిక్షకుడే ముఖ్యం. ప్రతి కంపెనీకి కనీసం ఇద్దరు ఉండాలి. కేకలు వేయించేవాళ్ళు కాదు, తామూ గోదాలోకి దిగి దెబ్బ తినగలిగినవాళ్ళు.

పార్లమెంటు రక్షణ శాఖ స్థాయీ సంఘం సభ్యులు విన్యాసాల వేళ ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది చాలు. లద్దాఖ్‌కో అరుణాచల్‌కో వెళ్ళే ముందు ఒక్కో జవాను ఎదురుతిరిగే మనిషితో, పూర్తి సరంజామాతో ఎన్ని గంటలు కలబడుతున్నాడో లెక్క తెప్పించుకోవాలి. తెలుగు రాష్ట్రాల నుంచి ఎన్నికైన ఎంపీలు ముందుగా అడగాలి, సూర్యాపేటకు వెళ్ళి సంతోష్‌బాబు విగ్రహానికి దండ వేసినవాళ్ళు మరీ ముందుగా. సమాధానంగా మళ్ళీ వీడియో పంపితే తిప్పి పంపండి. పెంకుల కొనుగోలు ఆపి ఆ డబ్బుతో చాపలు కొనమని రాతపూర్వకంగా చెప్పండి.