వరస ఎవరు సర్దాలి?

వ్యాన్‌లో సరుకు వేసుకుని తిరిగేవాళ్ళ బాధ ఈ మ్యాప్ యాప్‌లు చేసేవాళ్ళకు ఎప్పుడు అర్థమవుతుందో! మా విశాఖలో గాజువాక, ఎంవీపీ కాలనీ, పెందుర్తి, సీతమ్మధార అని ఆర్డర్లు వచ్చిన వరసలో కొడితే అదే వరసలో దారి చూపిస్తుంది. ఎంవీపీ దాకా వచ్చి మళ్ళీ పెందుర్తికి పోవాలా? గాజువాక తర్వాత పెందుర్తి చూసుకుని ఊళ్ళోకి వస్తే ఎంత డీజిల్ మిగులుతుంది! ఆ వరస మనమే వేలితో జరుపుకోవాలట. పది చోట్లుంటే 36,28,800 రకాలుగా వెళ్ళొచ్చు. అది మనిషి తేల్చే లెక్కా?

ఇక ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరైతే అసలు టెన్షన్. ఫ్లైఓవర్ మీదున్నామో కింద ఉన్నామో జీపీఎస్‌కి సరిగ్గా అందదు. పైన పోతుంటే "ఎడమకు తిరగండి" అంటుంది. ఎక్కడికి తిరగాలి? వెనకాల లారీ హారన్ ఆపడు.

షాపు మూసుందని దాటేశామా, జాబితాలోంచి తీసేసేదాకా "వెనక్కి తిరగండి" అంటూనే ఉంటుంది. బండి నడుపుతూ ఫోన్ ఎలా నొక్కాలి? పోలీసులు పట్టుకుంటే ఫైన్ మాకే. "ఈ షాపు వదిలేయ్" అని నోటితో చెబితే వినే ఏర్పాటైనా పెట్టండి.