త్యాగయ్య గారి సంతకం కావాలట!

మహారాజశ్రీ కాపీరైట్ అనుమతి పత్రం గారి దివ్యసముఖానికి,

చెన్నపట్నంలో, తమరు కొలువున్న క్యాంపస్‌లోనే తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే ఒక పంతులమ్మ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ క్షేమం. అక్కడ తమరి క్షేమానికి లోటేముంటుంది, ఏసీ గది కదా.

మొన్న మా విద్యార్థుల ఉగాది కార్యక్రమంలో తమరి దయవల్ల ఒక్క పాటా లేదు. ఆ ఖాళీ నింపడానికి పంచాంగ శ్రవణాన్ని సాగదీశాం. పన్నెండు రాశులకూ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు పంతులుగారు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. నా రాశికి అవమానం ఎంతో ఆయన నోట వినకముందే, మధ్యాహ్నం తమరి కౌంటర్ దగ్గరే తెలిసిపోయింది.

ముందుగా తమరి రూపం కీర్తించాలి. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ ఎడమ అంచు మాయమైన కాగితం. అక్షరాలన్నీ కుడివైపుకు ఒరిగి ఉంటాయి. అడుగున మాత్రం 'ఉల్లంఘిస్తే చట్టరీత్యా చర్య' అన్న లైను కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మధ్యలో ఏడో గడి: 'రచయిత / స్వరకర్త సమ్మతి పత్రం, అసలు ప్రతి జతచేయాలి.' అసలు ప్రతే కావాలట. జిరాక్సు చెల్లదని ఒక జిరాక్సు కాగితం చెప్పడం ఎంత ముచ్చటగా ఉందో!

మా క్లాసు అమ్మాయి పాడబోయేది శ్రీరాగ పంచరత్నం, అదే 'ఎందరో మహానుభావులు'. స్వరకర్త పేరు దగ్గర త్యాగరాజస్వామి అని రాసింది. చిరునామా దగ్గర తిరువయ్యారు అని రాసింది. పిన్‌కోడ్ లేదని కాగితం వెనక్కి వచ్చింది. పిన్‌కోడ్ కనుక్కుని వేసి ఇచ్చాం. అప్పుడు సమ్మతి పత్రం ఏదన్నారు. "ఆయన 1847లోనే సిద్ధి పొందారండీ" అన్నాను. కౌంటర్లో ఉన్నాయన తల కూడా ఎత్తకుండా, "అలాగైతే ఆ ఆధారం పెట్టండి మేడమ్, రేపు ఆడిట్‌లో మమ్మల్నే అడుగుతారు" అన్నాడు.

త్యాగరాజస్వామి పోయారనడానికి ఆధారం! పుట్టి బుద్ధెరిగి ఇలాంటి మాట వినలేదు. ఏటా పుష్య బహుళ పంచమి నాడు కావేరి ఒడ్డున వందల గొంతులు ఒక్కటై పంచరత్నాలు పాడేది ఎవరి ఆరాధనో ఈ రాష్ట్రంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బెంగళూరు నాగరత్నమ్మ గారు తన సొత్తు ధారపోసి ఆ సమాధి దగ్గర గుడి కట్టించారు. మా అమ్మాయి ఫోన్‌లో ఆ సమాధి ఫోటో తీసి చూపించింది. "ఇది గుడి ఫోటో అమ్మా, సర్టిఫికెట్ కాదు" అన్నారు.

ముందు రోజు సాయంత్రం సూపరింటెండెంటు గారు, "మీరేం టెన్షన్ పడకండి మేడమ్, సంతకం నేను పెట్టిస్తా" అన్నారు. ఆ రోజు ఆయన సెలవు. సంతకం పెట్టాల్సిన పెద్దాయన మీటింగ్‌లో ఉన్నారు. మధ్యాహ్నం మూడు దాటాక ఫైలు మీద 'పెండింగ్' అని రాసి, ఆరిపోయిన స్టాంప్ ప్యాడ్ మీద ముద్ర నాలుగు సార్లు అద్ది, అచ్చు పడీపడకుండా కొట్టిచ్చారు. సంక్రాంతి సెలవుల నుంచి సాధన చేస్తున్న పిల్ల ముఖం చూడలేక నేను ఫ్యాన్ వైపు చూస్తూ నిలబడ్డాను. అదీ తిరగట్లేదనుకోండి.

తమరికి పేరిచ్చిన చట్టాన్ని తమరు ఎప్పుడైనా చదివారా స్వామీ? అది 1957 నాటిది. కృతికర్త పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, తర్వాత ఆ కృతి అందరిదీ. త్యాగయ్య గారికి ఆ లెక్కే కట్టినా 1907తో సరి. పోనీ పిల్లలు పాడేది బతికున్నవాళ్ల పాటే అనుకుందాం. ఆ చట్టంలోనే 52(1)(జె) అని ఒక చిన్న వాక్యం ఉంది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా అక్కడి విద్యార్థులో సిబ్బందో పాడితే, వాయిస్తే, అది ఉల్లంఘనే కాదు. రికార్డు పెట్టి వినిపించినా ఫరవాలేదు. కాకపోతే వినేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయివుండాలి. అంటే మా ఉగాదికి తమరి అవసరమే లేదు. వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే అది వేరే సంగతి, ఈ మినహాయింపు అక్కడిదాకా రాదు. ఆ ముక్క ఒక్కటి పిల్లలకు చెప్పినా తమరి జన్మ ధన్యమయ్యేది.

నిజంగా అడగాల్సిన ప్రశ్నలు లేవా అంటే బోలెడు ఉన్నాయి. అన్నమయ్య సంగతే తీసుకోండి. సాహిత్యం 1503కు ముందుది, దానికి ఏ అడ్డూ లేదు. కానీ రాగిరేకుల్లో దొరికింది సాహిత్యం, రాగం పేరు. ఇవాళ మనం పాడే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు వరస కట్టినవి ఉన్నాయి. ఆయన పోయింది 1979లో, కాబట్టి ఆ వరసలకు గడువు 2039 చివరిదాకా. ఎవరైనా ఆల్బమ్ చేసి అమ్మాలనుకుంటే తెలుసుకోవాల్సింది ఇదీ. తమరిలో వరసకు ఒక గడి, సాహిత్యానికి ఒక గడి వేరుగా ఉన్నాయా? లేవు. తండ్రి వృత్తికి మాత్రం ఉంది.

తమరి బంధుగణం మీద కూడా ఫిర్యాదులున్నాయి గానీ ఇవాళ వదిలేస్తున్నాను. ఆడిటోరియం డిపాజిట్ గారు కిందటేడు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. రాత్రి పదికి మైకు ఆపాలన్న నియమం గారు మాకు తొమ్మిదిన్నరకే గుర్తొస్తారు.

జనవరిలో జరిగిన కల్చరల్స్ రాత్రి తమరెక్కడున్నారు? అదే ప్రాంగణం. టికెట్ పెట్టారు. ఊళ్లోవాళ్లంతా వచ్చారు. స్పాన్సర్ల బ్యానర్ల మధ్య, డబ్బిచ్చి పిలిపించిన గాయకుడు రెండు గంటలు సినిమా పాటలు పాడాడు. ఆయన మన విద్యార్థి కాదు, సిబ్బందీ కాదు. 52(1)(జె) అక్కడ పనికిరాదు, లైసెన్సు తీసుకోవాల్సింది సరిగ్గా అక్కడే. ఆ మధ్యాహ్నం కౌంటర్లోనే అడిగాను, ఆ ఫైల్లో తమరు ఉన్నారా అని. "అది పెద్ద ప్రోగ్రాం మేడమ్, ఏజెన్సీ చూసుకుంటుంది, దానికి ఈ ఫారం లేదు" అన్నారు.

ఇక మర్యాద నా వల్ల కాదు. 2017లో తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని ఇళయరాజా గారు బాలు గారికి నోటీసు పంపినప్పుడు ఈ ఊరు రెండుగా చీలి కొట్టుకుంది. న్యాయం ఎవరిదైనా, అది టికెట్టు కచేరీల గొడవ, వరస కట్టినవాడు కళ్లెదుట ఉన్న గొడవ. ఈ ఊళ్లోనే కోడంబాక్కం, వడపళని స్టూడియోల చుట్టూ అద్దె గదుల్లో ఉండి మన పాటలు రాసినవాళ్లు, కట్టినవాళ్లు ఎంతమంది! నిర్మాత డబ్బిచ్చి కట్టించుకుంటే హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయల్టీలో వాళ్ల వాటాకు చట్టంలో రక్షణ దొరికేసరికి 2012 వచ్చింది. అంత కష్టపడి తెచ్చుకున్న హక్కును నువ్వు ఒక ఆడపిల్ల గొంతు నొక్కడానికి వాడుకున్నావు. నీ ఏడో గడి వల్ల ఒక్క రచయితకు ఒక్క రూపాయి ముట్టిందా? ఆఫీసులో ఎవరి మీదికీ మాట రాకుండా ఉండటానికి తప్ప నువ్వు ఎందుకున్నావు?

సరే, కోపం తగ్గించుకుని అసలు విన్నపానికి వస్తాను. అదే చట్టంలో 52(1)(జెడ్ఏ) అని ఇంకోటి ఉంది. నిజమైన మతపరమైన వేడుకలో పాడుకోవచ్చు, పెళ్లి ఊరేగింపు, దాని సందడి కూడా అందులోకే వస్తాయి. పెళ్లిళ్లలో రాయల్టీ అడగొద్దని 2023 జులైలో కేంద్రం మళ్లీ నోటీసిచ్చి మరీ చెప్పింది. ఎటూ శ్రీరామనవమి దగ్గరపడింది కాబట్టి, అదే వేదిక మీద సీతారాముల కల్యాణం జరిపించి, ఉగాదికి మిగిలిపోయిన పాటలన్నీ తలంబ్రాల వేళ పాడించాలని నిశ్చయించాం. ముహూర్తానికి ముందే అనుమతి ఇప్పించగలరు. వధూవరుల వయసు ధ్రువపత్రాలు అడుగుతారని తెలుసు. అమ్మాయి భూమిలో దొరికింది, ఆసుపత్రి రికార్డు లేదు. అబ్బాయి చిరునామా భద్రాచలం, పిన్‌కోడ్ ఈసారి ముందే రాశాం.

ఇట్లు,
పెండింగ్‌లో ఉన్న ఒక పంతులమ్మ