కొత్త ప్రొఫెసర్ తొలి ప్రసంగం జనానికి అర్థమవ్వాలి

ఎవరైనా ప్రొఫెసర్ అయ్యారంటే మేమూ ఒక ఫొటో వేసి నాలుగు లైన్ల వార్త రాస్తాం. ఎక్కడ చదివారో, ఎన్ని పరిశోధన పత్రాలు రాశారో అందులో ఉంటుంది. ఇన్నేళ్లుగా ఏ ప్రశ్న వెంట పడ్డారో, ఇకముందు దేనికోసం కష్టపడతారో మాత్రం ఉండదు. అది వాళ్ల నోటే వినడానికి చాలా యూనివర్సిటీల్లో తొలి ప్రసంగం అనే పద్ధతి ఉంది. కొత్తగా ప్రొఫెసర్ అయినవాళ్లు, బయటివాళ్లు కూడా వచ్చి కూర్చునే సభలో, ఒక గంటసేపు తమ పని గురించి మాట్లాడతారు. ఈ పద్ధతి లేనిచోట మొదలుపెట్టాలని, ఉన్నచోట మొక్కుబడిగా జరపొద్దని మేము గట్టిగా కోరుతున్నాం.

1789 మే నెలలో జర్మన్ కవి షిల్లర్ యేనా యూనివర్సిటీలో చరిత్ర మీద తొలి ప్రసంగానికి వచ్చేసరికి హాలు కిక్కిరిసిపోయింది. పెద్ద హాలుకి మారుద్దాం అనగానే కుర్రాళ్లంతా చోటు కోసం వీధి వెంట పరుగు తీశారు, ఆ హడావుడి చూసి ఎక్కడో నిప్పంటుకుందేమోనని జనం కిటికీల దగ్గరికి వచ్చారు. ఈ సంగతి షిల్లరే స్నేహితుడికి ఉత్తరంలో రాశాడు. నిజమే, అప్పటికే ఆయన పేరున్న నాటక రచయిత, జనం రావడానికి అదీ కారణమే. కానీ ఆ రోజు ఆయన ఎత్తుకున్న విషయం చూడండి, పొట్టకూటి కోసం చదివేవాడికీ తెలుసుకోవాలనే తపనతో చదివేవాడికీ తేడా ఏమిటని. అది అర్థం కావడానికి చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు.

ఇంకో సంగతి, అందరి ముందూ చెప్పిన మాట గుర్తుండిపోతుంది. 1882లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో భౌతికశాస్త్రవేత్త కామర్లింగ్ ఓన్స్ తన తొలి ప్రసంగంలో కొలతల ద్వారానే జ్ఞానం వస్తుందన్నాడు, 1908లో అదే ఊళ్లోని తన ల్యాబ్‌లో హీలియం వాయువుని ద్రవంగా మార్చి చూపించాడు. 1980లో కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ హాకింగ్ తరఫున ఆయన విద్యార్థి చదివిన ప్రసంగంలో, భౌతికశాస్త్రంలో అన్నిటినీ వివరించే పూర్తి సిద్ధాంతం ఆ శతాబ్దం చివరికల్లా దొరకొచ్చని ఉంది. దొరకలేదు, తర్వాత హాకింగే తన అభిప్రాయం మార్చుకున్నారు. అందులో తప్పేమీ లేదు. ఇక్కడిదాకా వెళ్లగలం అనుకుంటున్నాను అని ధైర్యంగా ముందే చెప్పడం వల్లే కదా మనం ఇవాళ సరిచూసుకోగలుగుతున్నాం.

ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది వేరు. పరిచయాలకీ పొగడ్తలకీ సగం సమయం పోతుంది. మిగతా సగంలో, ఏదో సెమినార్ కోసం చేసుకున్న స్లైడ్లే మళ్లీ వస్తాయి, వెనక వరసకి కనపడని అక్షరాలతో. ముందు వరసలో ప్రొఫెసర్ గారి అమ్మ కూర్చుని ఉంటుంది. ఎన్నేళ్లుగానో బిడ్డ రాత్రుళ్లు మేలుకుని ఏం చేస్తోందో తెలుసుకునే అవకాశం ఆమెకి మళ్లీ దొరకదు. ఆమెకి కనీసం ఒక్క ముక్కైనా అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ సభ ఎవరికోసం?

సులువుగా చెబితే లోతు పోతుందని కొందరు పండితుల వాదన. మేము ఒప్పుకోం. విషయం మీద పూర్తి పట్టు ఉన్నవాళ్లే దాన్ని విడమరిచి చెప్పగలరు, సాంకేతిక పదాల చాటున దాక్కోవడం అంతకంటే చాలా తేలిక. పైగా పరిశోధనకి వచ్చే డబ్బులో పెద్ద భాగం జనం కట్టిన పన్నులదే, దానితో ఏం చేస్తున్నారో వాళ్ల భాషలో వినే హక్కు వాళ్లకుంది.

పరిచయాల విషయంలో మేరీ క్యూరీని గుర్తు చేసుకోవాలి. 1906 ఏప్రిల్‌లో భర్త పియరీ చనిపోయాడు, ఆయన స్థానంలో ఆమె నవంబర్ 5న పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలో తొలి పాఠం చెప్పింది. భర్త గురించి, తన దుఃఖం గురించి ఏమైనా అంటుందేమోనని జనం ఎదురుచూశారు. ఆమె నేరుగా భౌతికశాస్త్రంలోకి వెళ్లింది.

యూనివర్సిటీలు చేయాల్సింది పెద్ద ఖర్చు కూడా కాదు. ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు రాగలిగేలా సభ సాయంత్రం పెట్టాలి, గేటు దగ్గర ఐడీ కార్డు అడగకూడదు, ప్రసంగం సిద్ధం చేసుకోవడానికి ప్రొఫెసర్‌కి ఒకట్రెండు వారాలు క్లాసుల భారం తగ్గించాలి. ప్రశ్నలకి కనీసం పావుగంట వదలాలి, మైకు ముందుగా వెనక వరసలకి ఇవ్వాలి.