స్టాకు మధ్యలో చెయ్యి

(గుంటూరు, బ్రాడీపేట. రాత్రి తొమ్మిదిన్నర. సుజాత ల్యాప్‌టాప్ ముందు. మిర్చి యార్డు నుంచి శేషగిరి తుమ్ముతూ వచ్చాడు. తుమ్మకుండా వచ్చిన రోజు ఒంట్లో బాగాలేదని అర్థం.)

సుజాత (ఫోనులో): స్టాక్ మధ్యలోంచి లాగేశావు బాబూ, అందుకే లెక్క తప్పింది.

శేషగిరి: ఏందీ! ఏ కోల్డ్ స్టోరేజీలో?

సుజాత: మీ స్టాకు కాదండీ, జావాది.

శేషగిరి: జావాకి కూడా సరుకు పంపుతున్నారా? నాకు చెప్పనేలేదే!

సుజాత: సరుకు కాదు మహానుభావా. జావా అంటే ప్రోగ్రాములు రాసే భాష. అందులో స్టాకంటే మీ మిర్చి బస్తాల, అదే టిక్కీల, నెట్టులాంటిది. పైన పెట్టాలి, పైనుంచే తీయాలి. పుష్, పాప్.

శేషగిరి: 40 కిలోల టిక్కీ మధ్యలోంచి లాగితే నెట్టంతా మీద పడదూ?

సుజాత: పడితే బాగుండు, తెలిసేది. జావా 1.0లోనే, 1996లో, స్టాక్‌ని వెక్టర్ అనే జాబితాకి వారసుణ్ణి చేసి కూర్చోబెట్టారు. వెక్టర్‌లో ఎక్కడైనా దూర్చొచ్చు, ఎక్కడినుంచైనా తీయొచ్చు. ఆ విద్యలన్నీ స్టాక్‌కీ వచ్చాయి. మావాడు తీసెయ్యమనే రిమూవ్‌కి రెండు అని ఇచ్చి, అడుగునుంచి మూడోది లాగేశాడు. లెక్క సున్నా నుంచి కదా. కోడులో తప్పులు పట్టే కంపైలర్ కిక్కురుమనలేదు.

శేషగిరి: కంపైలరంటే వాచ్‌మనా? ముందు వాణ్ణి మార్చండి.

సుజాత: తండ్రి తాళంచెవులన్నీ కొడుకు చేతికిచ్చాక వాచ్‌మన్ ఎవర్ని ఆపుతాడు?

శేషగిరి: మరి తాళాలు మార్పించరా?

సుజాత: ఇప్పుడు మారిస్తే పాత కోడంతా మొరాయిస్తుంది. మేమే వేరే క్లాసు రాస్తున్నాం. లోపల ప్రైవేటుగా ఒక అర్రేడెక్, అంటే రెండు కొసలనుంచీ పెట్టి తీయగల జావా వరస. బయటికి పుష్, పాప్, పైదాన్ని తీయకుండా చూసే పీక్, మూడే. ఒక్కోటి ఒక్క లైను. అర్రేడెక్ ఇక్కడ కొడుకూ కాదు, తండ్రీ కాదు. గుమాస్తా.

శేషగిరి: గుమాస్తానే గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే పోలా?

సుజాత: రిమూవ్‌లాస్ట్ అని, అడుగునుంచి లాగే విద్య అతనికీ ఉంది. అందుకే లోపలే ఉంచాలి. ఇంకో తిరకాసు. పాత స్టాక్‌ని లూపులో తిప్పితే అడుగునుంచి పైకి వచ్చేది, అర్రేడెక్‌ని తిప్పితే పైనుంచి కిందికి వస్తుంది. చూసుకోకపోతే రిపోర్టు తలకిందులే. నల్, అంటే ఏమీ లేని ఖాళీ ఇస్తే గుమాస్తా అసలు పుచ్చుకోడు, ఎక్సెప్షన్ అని తప్పు మొహాన విసురుతాడు.

శేషగిరి: మొత్తానికి కొడుకులే వద్దంటావు.

సుజాత: తండ్రి చేసే ప్రతి పనీ కొడుకు చేసినా కొంప మునగదంటే వారసత్వం హాయి. ఒక్కటి వద్దనిపించినా గుమాస్తా పద్ధతే. మామయ్యగారి కొట్టు మీకొచ్చింది, దాంతోపాటు అరువులిచ్చే జబ్బూ వచ్చింది. పదిహేనేళ్ళుగా చూస్తున్నా, దాన్నొక్కదాన్నే తీసేద్దామంటే దారి లేదు.

శేషగిరి: మా నాన్న జోలికి రాకు. (కాసేపు అలిగి) ఇంతకీ ఆ జావావాడు తేజా మిర్చికి రేటెంతిస్తాడు?

సుజాత: ఇవ్వడండీ బాబూ!

శేషగిరి: అరువా? (సంచీ ముందుకు తోసి) సర్లే, తిను ముందు. కళ్ళు గుంటలు పడ్డాయి. పునుగులు, బజ్జీ, అట్టు... ఏమేవ్! మధ్య పొట్లం లాగకే, పైన చట్నీ ఉంది!