పేరైనా లేని బ్యాలెట్‌తో గెలిచి, ఒక్క తీర్పుతో పదవి పోగొట్టుకున్న జడ్జి

2016 జూన్ 7న కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో ఎన్నికలు జరిగాయి. ట్రయల్ కోర్టు జడ్జి ఆరన్ పెర్స్కీ మరో ఆరేళ్ల పదవీకాలానికి ఎన్నికైనట్టే లెక్క తేలింది. ఆయనకు ఒక్క ఓటూ పడలేదు, అసలు పడే వీలే లేదు. పోటీకి ఎవరూ నిలబడకపోతే పదవిలో ఉన్న జడ్జి పేరు బ్యాలెట్‌లోనే ఉండదు.

సరిగ్గా ఐదు రోజుల ముందు, జూన్ 2న, అదే జడ్జి ఒక శిక్ష ఖరారు చేశారు. దోషి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఈతగాడు బ్రాక్ టర్నర్. 2015 జనవరిలో ఒక రాత్రి, స్పృహలో లేని యువతిపై అతను లైంగిక దాడి చేస్తుండగా సైకిళ్లపై వెళ్తున్న ఇద్దరు స్వీడిష్ విద్యార్థులు చూశారు. పారిపోబోయిన అతన్ని వెంటాడి పట్టుకున్నారు. జ్యూరీ మూడు నేరాలు రుజువయ్యాయని తేల్చింది. ప్రాసిక్యూషన్ ఆరేళ్ల జైలు అడిగింది. పెర్స్కీ వేసింది ఆరు నెలలు. టర్నర్ మూడు నెలలకే బయటికొచ్చాడు.

కోర్టులో బాధితురాలు చదివిన లేఖను కోటి మందికి పైగా చదివారు. ఆ లేఖ చదివాక ఆరు నెలలు న్యాయమని నేను అనలేను. జైలుకు పంపితే ముద్దాయిపై తీవ్ర ప్రభావం పడుతుందని లెక్కవేసిన జడ్జి, ఆమెపై పడిన ప్రభావాన్ని అదే తక్కెడలో వేయలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ కోపమే ఉద్యమమైంది. స్టాన్‌ఫర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యురాలు మిషెల్ డాబర్ నాయకత్వంలో, పెర్స్కీ తొలగింపుపై ఓటింగ్ పెట్టాలంటూ 90 వేలకు పైగా సంతకాలు సేకరించారు. 2018 జూన్ 5న 60 శాతానికి పైగా ఓటర్లు ఆయన్ను తొలగించాలన్నారు. ప్రజలు ఒక జడ్జిని గడువుకు ముందే పదవి నుంచి దించడం కాలిఫోర్నియాలో 1932 తర్వాత అదే మొదటిసారి.

ఇంతకూ పెర్స్కీ ఎలా జడ్జి అయ్యారు? కౌంటీ ప్రాసిక్యూటర్‌గా లైంగిక నేరాల కేసులు వాదించారు. 2002లో జడ్జి పదవికి పోటీ చేసి ఓడిపోయారు. మరుసటి ఏడాది గవర్నర్ గ్రే డేవిస్ ఖాళీ అయిన స్థానంలో ఆయన్ను నియమించారు. ఓటర్లు కాదన్న మనిషి నియామకంతో లోపలికొచ్చి, పోటీ లేక కొనసాగి, చివరికి ఓటుతోనే బయటికెళ్లారు. ఈ ప్రయాణం మొత్తంలో ఆయన పనితీరును ప్రజలు తీరిగ్గా తూచిన రోజు ఒక్కటీ కనిపించదు.

పోటీ ఉన్నప్పుడైనా ఓటరుకు తెలిసేది తక్కువే. అక్కడి బ్యాలెట్‌లో అభ్యర్థి పేరు కింద వృత్తిని కొద్ది పదాల్లోనే రాయాలి. ఉదాహరణకు, 'డిప్యూటీ డిస్ట్రిక్ట్ అటార్నీ', అంటే ప్రాసిక్యూటర్. అంతే. ఆ కౌంటీలోని సన్నీవేల్, కూపర్టినోలలో ఉంటూ పౌరసత్వం పొందిన మన తెలుగువాళ్లకు కూడా ఇంటికొచ్చే బ్యాలెట్ అదే. మన దగ్గర జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసి వస్తారు, హైకోర్టు అజమాయిషీలో పనిచేస్తారు. అందులో లోపాలు లేవని కాదు. కానీ మన దగ్గర బెయిలు ఇచ్చే జడ్జి రేపటి ఓటు గురించి ఆలోచించనక్కర్లేదు.

నా అభ్యంతరం ఇక్కడే. ఆ శిక్ష తప్పు, తొలగింపూ తప్పే. పెర్స్కీ దుష్ప్రవర్తనకు పాల్పడలేదని జడ్జిలపై ఫిర్యాదులు విచారించే రాష్ట్ర కమిషన్ 2016 డిసెంబరులోనే తేల్చింది. తక్కువ శిక్ష వేయాలన్న సిఫారసు ప్రొబేషన్ శాఖ నుంచే, అంటే దోషులను జైలు బయట పర్యవేక్షించే విభాగం నుంచే వచ్చింది. ఆ శిక్షతో విభేదించిన జిల్లా అటార్నీ (కౌంటీ ప్రాసిక్యూటర్ల అధిపతి) జెఫ్ రోసెన్ కూడా తొలగింపును వ్యతిరేకించారు. పేదల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్లలో చాలామంది వద్దని మొత్తుకున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కనికరం చూపితే ఉద్యోగం పోతుందని జడ్జి నేర్చుకుంటే, ఆ పాఠం ఖరీదు చెల్లించేది పేరున్న విశ్వవిద్యాలయం విద్యార్థి కాదు. లాయరుకు డబ్బులేక ప్రభుత్వ న్యాయవాదిని నమ్ముకున్న నల్లజాతి కుర్రాడు, మెక్సికో నుంచి వచ్చిన కూలీ.

చట్టంలోని లొసుగును శాసనసభ అప్పటికే పూడ్చింది. స్పృహలో లేని వ్యక్తిపై ఇలాంటి దాడి చేస్తే ప్రొబేషన్‌తో సరిపెట్టకుండా జైలు తప్పనిసరి చేసే చట్టంపై 2016 సెప్టెంబరులోనే గవర్నర్ సంతకం చేశారు. ఆ తర్వాత పెర్స్కీ ఉన్నా లేకపోయినా, ఏ జడ్జీ అలాంటి నేరానికి కొన్ని నెలల జైలుతో సరిపెట్టే వీల్లేదు. అయినా ఆ తర్వాత ఏడాదిన్నరకు పైగా ప్రచారం సాగి, ఓటింగ్ దాకా వెళ్లింది. పెర్స్కీ స్థానంలో అదే బ్యాలెట్‌పై ఎన్నికైన సిండీ హెండ్రిక్సన్ కూడా ప్రాసిక్యూటరే.