లైటు ఆరలేదా, ఇంకో బాక్స్ మార్చండి

కాక్‌పిట్‌లో హెచ్చరిక లైటు వెలుగుతోందని పైలట్ లాగ్‌బుక్‌లో రాశాడనుకోండి. మెకానిక్కు మాన్యువల్ తెరిచి, వైరు దగ్గర నుంచి మొదలుపెట్టి లోపం వెతకాలి. తెల్లవారేసరికి విమానం ఎగరాలంటే అంత తీరిక ఎక్కడిది? ఆ లైటుకు సంబంధించిన ఎలక్ట్రానిక్ బాక్స్ ఊడదీసి కొత్తది బిగిస్తాడు. మళ్లీ వెలిగితే ఇంకో బాక్స్. స్టోరులో బాక్సులున్నంతకాలం చింత లేదు.

అమెరికా ఎయిర్‌లైన్స్ మెకానిక్కులు యూనియన్లను కూడా ఇలాగే మారుస్తున్నారని కొందరు పెద్దమనుషులు నొచ్చుకుంటున్నారు. నేను మాత్రం మెకానిక్కుల పక్షం. చేతిలో రెంచి ఉన్నవాణ్ని ఓపిక పట్టమనడం పాపం.

యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ల సంగతే చూడండి. మొదట్లో మెషినిస్టుల యూనియన్. 2003లో దాన్ని ఊడదీసి ఆమ్ఫా అనే ఇంకో యూనియన్‌ను బిగించారు. 2008లో ఆమ్ఫానూ ఊడదీసి మూడో యూనియన్ టీమ్‌స్టర్స్‌ను బిగించారు. ఈలోగా కంపెనీ 2002 డిసెంబరు నుంచి 2006 ఫిబ్రవరి దాకా దివాలా కోర్టులో కూర్చుని జీతాలు కోసింది, 2005లో పెన్షన్ల భారాన్ని ప్రభుత్వ బీమా సంస్థ నెత్తిన పెట్టేసింది. బాక్సులు మారాయి, లైటు మారలేదు. అలాగని వైరింగ్ మీద అనుమానపడడం మర్యాద కాదు. అది కంపెనీవారి సొంత ఆస్తి.

ఇంతకీ స్టోరులో ఉన్న సరుకేమిటో చూద్దాం. మెషినిస్టుల యూనియన్ 1888లో అట్లాంటాలో, రైలింజన్ కింద దిగి పనిచేసే గోతిలో పుట్టింది. టీమ్‌స్టర్స్ అంటే గుర్రబ్బండ్లు తోలేవాళ్లు. వాళ్ల ముద్రలో ఇప్పటికీ రెండు గుర్రాల తలకాయలుంటాయి. ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్ 1934లో న్యూయార్క్ సొరంగ రైళ్ల నుంచి పైకొచ్చింది. వీళ్లందరి మీదా ఉన్న చట్టం పేరు రైల్వే లేబర్ యాక్ట్. 1926లో రైళ్ల కోసం రాసి, 1936లో విమానాలను కూడా అందులోనే ఎక్కించారు. నింగిలో తిరిగే యంత్రాన్ని బాగుచేసేవాడి బతుకంతా పట్టాలూ గుర్రాలూ కాస్తుంటే, అతని కోరికలు గుర్రబ్బండి వేగంతో నడవడంలో వింతేముంది?

1962లో పుట్టిన ఆమ్ఫా ఒక్కటే మాది అచ్చంగా విమాన మెకానిక్కుల సంఘం అంటుంది. మన ఊళ్లో కుల సంఘం లాంటిదే. పెట్టెలు మోసేవాళ్లతో కలిపి మమ్మల్ని ఒకే గాట కట్టారు, వాళ్ల ఓట్ల కింద మా గోడు నలిగిపోతోంది అన్నది వాళ్ల మూలమంత్రం. నిజానికి ఇందులో న్యాయం లేకపోలేదు. విమానం ఎగరొచ్చని తన లైసెన్సు మీద సంతకం పెట్టేవాడికి, ఆ సంతకం విలువ బేరానికి కూర్చున్నవాడికి తెలియాలని ఉంటుంది కదా. ఇంత సూటిగా మాట్లాడినందుకు క్షమించాలి. నా ధోరణి అది కాదు.

యూనియన్ మార్చడం మనవాళ్లు పార్టీ మార్చినంత తేలిక కాదు. మనకు కండువా కప్పితే చాలు. అక్కడ ఆ ఎయిర్‌లైన్స్ మెకానిక్కుల్లో, దేశంలో ఏ హ్యాంగరులో ఉన్నా సరే, కనీసం సగం మంది తేదీ వేసి కార్డుల మీద సంతకాలు పెట్టాలి. ఆ సంతకానికి ఏడాదే ఆయుష్షు. ఆ పైన నేషనల్ మీడియేషన్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ ఎన్నిక పెడుతుంది. 2010 దాకా అయితే ఓటెయ్యకుండా పడుకున్నవాణ్ని కూడా యూనియన్ వద్దన్నవాడి కిందే లెక్కేసేవారు. నిద్రకు ఇంతటి రాజకీయ అభిప్రాయం ఆపాదించిన ప్రజాస్వామ్యం మరొకటి నేనెరగను.

అసలు ఏ యూనియనూ వద్దనుకుంటే తంతు ఇంకా చక్కగా ఉండేది. వాళ్లలో ఒకడు యూనియన్‌కు పోటీగా నిలబడాలి, గెలవాలి, గెలిచాక ఈ పదవి నాకొద్దని తప్పుకోవాలి. 2019లో నేరుగా వద్దనే వీలు కల్పించి ఈ ఆచారాన్ని పాడుచేశారు. మన దగ్గర గెలిచాక మాట తప్పుతారు. అక్కడ మాట నిలబెట్టుకోవడమంటే కుర్చీ దిగిపోవడమే. ఆ ముక్కకు మాత్రం చేతులెత్తి దండం పెట్టాను.

ఇక గడువుల విషయం. విమానంలో ఏదైనా చిన్న భాగం పాడైతే దాన్ని అలాగే ఉంచి కొన్నాళ్లు ఎగరనిస్తారు. దానికీ లెక్క ఉంది. భాగాన్ని బట్టి మూడు రోజులు, పది రోజులు, మరీ లెక్కలేనిదైతే 120 రోజులు. ఆ లోపు బాగుచేయకపోతే విమానం కదలదు. జీతాల ఒప్పందానికి ఈ బాధ లేదు. రైల్వే చట్టంలో ఒప్పందానికి గడువు తీరదు, 'సవరించదగినది' అవుతుందంతే. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. సౌత్‌వెస్ట్ మెకానిక్కుల ఒప్పందం 2012లో సవరించదగినదైంది. కొత్తది కుదిరింది 2019లో. అది కూడా అచ్చమైన మెకానిక్కుల సంఘం ఆమ్ఫా బేరమాడితేనే! అంటే ఆరేళ్లు దాటినా బాగుచేయని లోపంతో ఒక ఎయిర్‌లైన్స్ నిక్షేపంగా ఎగిరింది. సీటు పైన చదువుకునే బల్బుకున్న గౌరవం మనిషికి ఉండాలని కోరుకోవడం అత్యాశ అనిపించుకుంటుంది.

బాక్సు మార్చేవాళ్లకు భయం చెప్పాలంటే అందరూ నార్త్‌వెస్ట్ కథే చెబుతారు. అక్కడి మెకానిక్కులు 1998లో మెషినిస్టులను వదిలి ఆమ్ఫాలోకి వెళ్లారు. 2005లో కంపెనీ జీతంలో పావు వంతు, ఉద్యోగాల్లో దాదాపు సగం అడిగింది. ఆగస్టు 20న సుమారు 4,400 మంది సమ్మెకు దిగారు. కంపెనీ ముందే బయటి మనుషులను సిద్ధం చేసుకుంది. పైలట్లు విమానాలు నడిపారు, పాత యూనియన్‌వాళ్లు తమ పని తాము చేసుకున్నారు. విడిపోయినప్పుడు కులం వేరన్నారుగా, ఇప్పుడు చుట్టరికం ఏమిటి అన్నట్టు. సమ్మె 2006 నవంబరు దాకా సాగింది. 2008లో నార్త్‌వెస్ట్ డెల్టాలో కలిసిపోయింది. డెల్టాలో మెకానిక్కులకు యూనియనే లేదు. బాక్సు మార్చే గొడవ శాశ్వతంగా తీరింది.

ఈ కథ విని కూడా ఏదో ఒక హ్యాంగరులో రాత్రి షిఫ్టు మనిషి టూల్‌బాక్స్ అడుగు అరలోంచి కార్డు తీస్తూనే ఉంటాడు. పేరు, సంతకం, తేదీ. పాత యూనియన్‌కు కట్టిన నెల చందా ఎంతో గుర్తు చేసుకుంటాడు. తన చేతిలోని విమానాన్ని వచ్చే ఏడు మరమ్మతుకు ఏ దేశం పంపి విప్పిస్తారో, అక్కడి మెకానిక్కుకు ఎంతిస్తారో ఆ కార్డు మీద ఎక్కడా రాసి ఉండదు. వెనక్కి తిప్పి చూస్తాడు. అక్కడా లేదు.

పక్కవాణ్ని పెన్ను అడుగుతాడు.