అరువు అంకెతో ఎముకల జాతకం

మడమకు కాస్త జెల్ రాసి, పెట్టెలాంటి అల్ట్రాసౌండ్ యంత్రంలో కాలు పెడితే క్షణాల్లో చీటీ చేతికొస్తుంది. దాని మీద మూడు రంగులు. పచ్చ, పసుపు, ఎరుపు. ఆ రంగుల మధ్య ఎక్కడో ఓ చుక్క, పక్కనే ‘టీ స్కోర్’ అంటూ ఓ అంకె. అది మైనస్ 2.5 దాటిందా, ‘మీ ఎముకలు గుల్లబారాయి’ అని చెప్పేస్తారు. దాటలేదా, ‘మీకేం ఫరవాలేదు, వెళ్లండి’ అంటారు. ఏటా అక్టోబరు 20న వచ్చే ప్రపంచ ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) దినం దగ్గరపడేకొద్దీ ఇలాంటి ఉచిత శిబిరాల హడావుడి ఎక్కువవుతుంది. కాలు పెట్టినవారిలో కొందరు టెన్షన్‌తో, కొందరు ధీమాతో ఇంటిముఖం పడతారు. ఆ టెన్షన్‌కూ ఆ ధీమాకూ కూడా చాలినంత ఆధారం లేదు. చీటీ మీదున్న గీత ఆ యంత్రానిది కాదు. వేరే పరీక్ష నుంచి అరువు తెచ్చుకున్నది.

ఆ గీత ఎక్కడిదో చూద్దాం. ఎముకల ఖనిజ సాంద్రతను నిండు యవ్వనంలో ఉన్న స్త్రీల సగటుతో పోల్చి, అంతకన్నా 2.5 స్టాండర్డ్ డీవియేషన్లు (సగటు నుంచి ఎంత దూరమో చెప్పే కొలమానం) లేదా ఇంకా ఎక్కువ తగ్గితే ఆస్టియోపొరోసిస్ అనాలని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం చెప్పింది. ఆ తేడాను చెప్పే అంకే టీ స్కోర్. అది మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే సాంద్రత కాస్త తగ్గిన దశ. ఇదంతా ప్రధానంగా మెనోపాజ్ దాటిన స్త్రీల గురించి, ఎక్స్‌రే కిరణాలతో ఖనిజాన్ని కొలిచే పరీక్షల గురించి చెప్పిన మాట. ఇప్పుడు ఆ పని డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్ చేస్తోంది. తుంటి దగ్గర, వెన్నుపూసల దగ్గర. మడమ యంత్రం ఖనిజాన్ని కొలవదు. ధ్వని ఎముకలోంచి ఎంత వేగంగా వెళ్తోంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎంతగా క్షీణిస్తోంది, ఈ రెండే దానికి తెలుసు. సెకనుకు ఇన్ని మీటర్లు, మెగాహెర్ట్జ్‌కు ఇన్ని డెసిబెల్స్. ఈ రెండు కొలతలనూ కలిపి కొన్ని యంత్రాలు ‘స్టిఫ్‌నెస్ ఇండెక్స్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాయి. ఎముకను వంచి చూసిందీ లేదు, నొక్కి చూసిందీ లేదు, గట్టిదనం మాత్రం కొలిచినట్టు పేరు!

ఈ కొలతలను సగటుతో పోల్చి స్కోరుగా మార్చుకోవడంలో తప్పేమీ లేదు. ఏ కొలతనైనా అలా మార్చుకోవచ్చు. తప్పల్లా ఆ స్కోరు పక్కన డెక్సా కోసం గీసిన మైనస్ 2.5 గీతను తెచ్చి అతికించడం. థర్మామీటర్ గీతలను బీపీ యంత్రం మీద అంటించి జ్వరం ఎంతో చెబుతామంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఇక్కడ ఒప్పుకుంటున్నారు. రెండు చీటీల మీదా ‘టీ స్కోర్’ అనే రాసి ఉంటుంది కాబట్టి.

మడమ పరీక్ష పనికిమాలినదని మేము అనడం లేదు. ఫ్రాన్స్‌లో 75 ఏళ్లు పైబడిన 5,662 మంది మహిళలపై జరిగి 1996లో వెలువడిన అధ్యయనం, బ్రిటన్‌లో 42 నుంచి 82 ఏళ్ల మధ్య 14,824 మందిపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనం, రెండూ మడమ అల్ట్రాసౌండ్ ఎముకలు విరిగే ముప్పును ముందే పసిగట్టగలదని తేల్చాయి. రేడియేషన్ లేదు, ఎక్కడికైనా మోసుకెళ్లవచ్చు, డెక్సా దొరకని చోట్ల ఇదే దిక్కు అనేవారి మాటలోనూ నిజం ఉంది. కానీ ముప్పు ఎక్కువని చెప్పడం వేరు, జబ్బు ఉందని చెప్పడం వేరు. ఆ అధ్యయనాలను చూపించి ఈ చీటీని సమర్థించేవారు మొదటి మాటకు దొరికిన ఆధారంతో రెండో మాటను నెట్టుకొస్తున్నారు.

ఇదేమీ కొత్తగా బయటపడిన రహస్యం కాదు. ఎముకల సాంద్రత పరీక్షల మీద ప్రమాణాలు నిర్దేశించే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఐఎస్‌సీడీ ఎప్పుడో రాతపూర్వకంగా చెప్పింది. అల్ట్రాసౌండ్‌తో చూడదగ్గ చోటు మడమ ఒక్కటే. మిగతా చోట్ల చేసే పరీక్షలకు తగిన ఆధారం లేదు. అల్ట్రాసౌండ్ స్కోర్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ వర్తించదు. ఒక యంత్రం ఫలితాన్ని ఇంకో యంత్రం ఫలితంతో నేరుగా పోల్చకూడదు. చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి దీన్ని వాడకూడదు. డెక్సా లేని చోట రోగి వయసు, పాత విరుగుళ్లు వంటి ముప్పు అంశాలతో కలిపి చూసి, ముప్పు బాగా ఎక్కువగా ఉంటే మందు మొదలుపెట్టవచ్చని కూడా అదే సంఘం అంది. కలిపి చూసి అంది. ఆ ‘కలిపి’ శిబిరాల దాకా వచ్చేసరికి ఎక్కడో జారిపోయింది.

అరువు అంకె ఎంత దూరం తప్పు దారి పట్టిస్తుందో లెక్క కూడా ఉంది. 25 అధ్యయనాలను కలిపి విశ్లేషించిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మడమ స్కోరు మైనస్ 1 దగ్గర గీత గీస్తే, డెక్సా ప్రకారం ఆస్టియోపొరోసిస్ ఉన్న వందమందిలో పట్టుబడింది సుమారు 79 మంది. మిగతా 21 మందికి పచ్చ చీటీయే. లేనివారిలో సరిగ్గా ‘లేదు’ అని తేలింది 58 శాతమే, అంటే వందలో 42 మందిని ఊరికే భయపెట్టారు. ఎవరినీ వదలొద్దని గీతను సున్నా దాకా జరిపితే 93 శాతం దొరికారు గానీ, లేనివారిలో సరిగ్గా ‘లేదు’ అని తేలింది 24 శాతమే. జబ్బు ఉందని తేల్చాలన్నా, లేదని తేల్చాలన్నా ఈ గీతలను నమ్ముకోలేమన్నమాట. ఇన్నేళ్లు గడిచాక కూడా అదే మూడు రంగుల చీటీ చేతిలో పెట్టడాన్ని తెలియక జరిగిన పొరపాటు అనడానికి మనసొప్పడం లేదు.

ఎరుపు చీటీ గురించే అందరూ మాట్లాడతారు. మాకు ఎక్కువ గుబులు పచ్చ చీటీతోనే. నిలబడిన ఎత్తు నుంచి జారిపడి మణికట్టు విరిగిన అరవై దాటిన మహిళ, ఏళ్లతరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్న ఆస్తమా రోగి, తల్లికో తండ్రికో తుంటి విరిగిన చరిత్ర ఉన్నవారు, ముందే మెనోపాజ్ వచ్చినవారు, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారు, పొగ తాగేవారు. వీరికి ముప్పు ఉందని తెలుసుకోవడానికి యంత్రమే అక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో అందుబాటులోకి తెచ్చిన ఫ్రాక్స్ లెక్క ఆ ప్రశ్నలతోనే రాబోయే పదేళ్ల ముప్పును అంచనా కడుతుంది. స్కాన్ లేకపోయినా కడుతుంది. శిబిరంలో మాత్రం ఆ ప్రశ్నలు అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మడమ పచ్చ చూపింది, వెళ్లిపోండి. వెన్నుపూసల విరుగుళ్లలో ఎక్కువ భాగం రోగికి తెలియకుండానే జరిగిపోతాయి. నడుము నొప్పి వయసు వల్లేనని సర్దుకుపోతున్నవారికి ఆ పచ్చ చుక్క ఇంకో సాకు అవుతుంది.

ముప్పై ఏళ్లవారిని కూడా వరుసలో నిలబెట్టి స్కాన్ చేయడం మరో విడ్డూరం. ఆ గీత వారి వయసు కోసం గీసిందే కాదు. డెక్సా చేసినా సరే, మెనోపాజ్ రాని స్త్రీలను, యాభైలోపు పురుషులను వారి వయసువారితో పోల్చే జెడ్ స్కోర్‌తో చూడాలి. సాంద్రత అంకె ఒక్కటే చూసి జబ్బు పేరు పెట్టకూడదు.

ఆ తర్వాతి అంకం ఏమిటంటే, ఎరుపు చీటీ పుచ్చుకున్నవారి చేతిలో మందుల చీటీ. క్యాల్షియం, విటమిన్ డి బిళ్లలైతే ఏముందిలే, హాని లేదుగా అంటారు. అమెరికాలో మెనోపాజ్ దాటిన 36,282 మంది మహిళలపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. ఆ బిళ్లల వల్ల తుంటి విరుగుళ్లు గణనీయంగా తగ్గలేదు, కిడ్నీలో రాళ్లు మాత్రం 17 శాతం పెరిగాయి. ఎముక కరగకుండా ఆపే బిస్ఫాస్ఫోనేట్ మందులు అవసరమైనవారికి నిజంగా మేలు చేస్తాయి. దీర్ఘకాలం వాడితే అరుదుగానైనా దవడ ఎముక దెబ్బతినడం, తొడ ఎముక వింతగా విరగడం వంటివి ఉన్నాయి. అందుకే వాటిని ఎవరికి, ఎన్నాళ్లు ఇవ్వాలో ఆచితూచి తేల్చాలి. అరువు అంకెను చూసి కాదు.

ఆరునెలలకు మళ్లీ పిలిచి, మళ్లీ కాలు పెట్టించి, ‘చూశారా, మైనస్ 2.7 కాస్తా మైనస్ 2.3 అయింది, మందు పనిచేస్తోంది’ అనేవారూ ఉన్నారు. మడమ చల్లగా ఉన్నా, వాచినా, కాలు పెట్టిన తీరు కాస్త మారినా ఆపాటి తేడా వచ్చేస్తుంది. చికిత్సను ఇలా కొలవొద్దని నిపుణుల సంఘం చెప్పింది అందుకే. ఇదే శిబిరం, ఇదే యంత్రం, ఇదే మందు. జబ్బు ఉందన్నదీ వారే, తగ్గిందన్నదీ వారే.

ఇప్పుడు ఊరుకుంటే రేపు ఆగేది మడమ దగ్గర కాదు. తుంటినీ వెన్నునూ కూడా అల్ట్రాసౌండ్‌తోనే చూసే ‘రెమ్స్’ వంటి కొత్త పద్ధతులు వస్తున్నాయి. వాటి యోగ్యత వాటి ఆధారాలతోనే తేలాలి. ఒక యంత్రం గీతను ఇంకో యంత్రం ఇష్టారాజ్యంగా వాడుకోవచ్చని మడమ దగ్గర ఒప్పుకున్నాక, తర్వాత వచ్చే ప్రతి పెట్టే ఆ వెసులుబాటు తనకూ కావాలంటుంది.

నియంత్రణ సంస్థలు చేయాల్సింది కొండలెత్తే పనేమీ కాదు. మడమ చీటీ మీద ఆస్టియోపొరోసిస్ అన్న మాట, మూడు రంగుల పట్టీ తీసేయించాలి. ‘ఇది రోగ నిర్ధారణ కాదు’ అని రోగి చదివే భాషలో పెద్ద అక్షరాలతో రాయించాలి. ముప్పు ప్రశ్నలు అడగకుండా చీటీ ఇవ్వనీయకూడదు. పరీక్ష చేసిన చోటే మందు అమ్మనీయకూడదు.

ఇక వైద్యులకు ఓ మాట. యంత్రం అమ్మేవారు అమ్ముకుంటారు, అది వారి వ్యాపారం. మీరు అలా కాదు. మైనస్ 2.5 ఎవరిదో, ఎందుకు గీశారో, మడమకు ఎందుకు వర్తించదో మీరు చదువుకున్నారు. మీ సొంత తల్లికి ఆ చీటీ చూసి మందు రాయరు, డెక్సాకు పంపుతారు. మరి శిబిరం బ్యానర్ మీద మీ ఫొటో ఎందుకుంది? అడుగున మీ డిగ్రీలన్నీ వరుసగా అచ్చువేయించుకుని, అదే చీటీని వరుసలో నిల్చున్న అరవై ఏళ్ల ఆమె చేతిలో ఎలా పెడుతున్నారు?